జీవాల కడుపులో గుట్టు పెంటికల్లోనే
చూడకుండా తాగించిన మందుతో డబ్బు దండగ. జబ్బు మాత్రం ఉన్నచోటే

వరి కోతలు ముగిసి కయ్యల్లో కొయ్యకాళ్లు మిగిలే వేళకు కె.సి. కాలువ కింది ఊళ్లకు గొర్రెల మందలు దిగడం ఏటా ఉండేదే. కర్నూలు పడమటి మెట్టల్లో మేత ఎండిపోతుంది. కుంటలు అడుగంటుతాయి. కాపరులు మందలను తోలుకుని నంద్యాల, ఆళ్లగడ్డ వైపుకు, మరికొందరు కడప జిల్లాలోని మైదుకూరు, చాపాడు వైపుకు వస్తారు. పగలు కొయ్యకాళ్ల మీద మేత, రాత్రి రైతు చేలో రొప్పం. ఎరువు పడినందుకు రైతు ఎంతో కొంత ముట్టచెబుతాడు. ఇద్దరికీ లాభసాటి బేరమే.

అయితే ఈ బేరంలో లెక్కకు రాని మూడో భాగస్వామి ఒకటుంది. అది నట్ట. కాలువ గట్టున పచ్చిక మేసిన కొన్ని వారాలకు మందలో రెండు మూడు జీవాలు వెనకబడతాయి. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. ఉన్ని చేత్తో పట్టుకుంటే ఊడివస్తుంది. కొన్ని పారుకుంటాయి, కొన్నింటికి పారుడే ఉండదు. అవి నిలబడినచోటే కూలబడతాయి. కాపరి మందుల దుకాణానికి పోయి ‘నట్టల మందు’ అని అడుగుతాడు. దుకాణదారు దగ్గర ఉన్న సీసా ఇస్తాడు. మందంతటికీ తాగిస్తారు. పది రోజుల తర్వాత మరో రెండు చస్తాయి. మందు కల్తీదని కాపరి, జీవాలే బలహీనమైనవని దుకాణదారు చెరొక మాట అనుకుంటారు. చాలాసార్లు రెండూ కాదు. కడుపులో ఉన్న నట్ట ఒకటి, సీసాలో ఉన్న మందు మరో నట్టది.

ఏ నట్ట ఉందో చెప్పే పరీక్ష ఖరీదైనది కాదు. గుప్పెడు పెంటికలు, వంటింటి ఉప్పు, టీ వడకట్టే జల్లెడ, గాజు పలక, ఒక మైక్రోస్కోపు ఉంటే చాలు. పశువుల ఆసుపత్రిలో దీన్ని పేడ పరీక్ష అంటారు. జిల్లా కేంద్రాల్లోని పశురోగ నిర్ధారణ ప్రయోగశాలల్లో ఇది నిత్యం జరిగే పని. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ప్రొద్దుటూరులో నడుస్తున్న పశువైద్య కళాశాలలో విద్యార్థులకు నేర్పే తొలి పాఠాల్లో ఇదీ ఒకటి. ఇంత సులువైన పరీక్షకు కాపరులు అరుదుగా వస్తారు. వచ్చినవారు తెచ్చే పెంటికలు కూడా తరచు పరీక్షకు పనికిరాని స్థితిలో ఉంటాయి. మైక్రోస్కోపు ఎంత మంచిదైనా దాని కిందికి వచ్చే సరుకును బట్టే ఫలితం.

ఎండ సీమలో నట్టలా?

రాయలసీమ వంటి ఎండ ప్రాంతంలో నట్టలు బతకవని ఒక నమ్మకం ఉంది. సగం నిజమే. నట్ట గుడ్డు పెంటికతో నేల మీద పడ్డాక పిల్ల పురుగు బయటికి వచ్చి గడ్డిపోచ ఎక్కడానికి తడి కావాలి. ఎర్రటి ఎండకు కాగిన గుట్ట మీద, బీడు మీద అది చస్తుంది. కానీ ఎండ సీమలో మేత, నీరు ఉండే చోట్లు కొన్నే. కుంట అంచు, వంక ఒడ్డు, చెరువు లోతట్టు, కాలువ గట్టు. ఊళ్లోని మందలన్నీ చేరేది అక్కడికే. పెంటికలు రాలేదీ అక్కడే. కోస్తాలో నాలుగు దిక్కులా పరచుకునే నట్టల బెడద ఇక్కడ నాలుగు చోట్ల కుప్పపోసినట్టు ఉంటుంది. జీవం ఏడాదంతా పొడి మేత తిన్నా, నెల రోజులు ఆ పచ్చ అంచున మేస్తే చాలు.

కె.సి. కాలువ సుంకేసుల వద్ద తుంగభద్ర నుంచి బయల్దేరి కడప దాకా సుమారు 306 కిలోమీటర్లు సాగుతుంది. 19వ శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన ఈ కాలువను నష్టాల పాలైన ఆ కంపెనీ నుంచి 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. కరువు సీమకు అన్నం పెట్టిన కాలువ ఇది. దాని పిల్ల కాలువల్లో, నిలవ నీటి మడుగుల్లో నత్తలకూ చోటు దొరికింది. నత్త ఉన్నచోట జలగ రోగం ఉంటుంది.

ఈ జలగ కాళ్లకు అంటుకునే జలగ కాదు. కాలేయంలో చేరే ఆకులాంటి నట్ట. మాంసం కొట్టేవారికి దీన్ని చూపించనక్కర లేదు. కార్జం కోస్తే పైత్యనాళాలు గట్టిపడి, వాటిలో నుంచి చదునుగా బయటికి వచ్చేది ఇదే. దీని గుడ్డు నీటిలో పగిలి, పిల్ల నత్తలో దూరి, అక్కడ ఒకటి వందలై, తిరిగి నీళ్లలోకి ఈది వచ్చి గడ్డికాడకు అంటుకుంటుంది. గొర్రె ఆ గడ్డి తింటే కథ మళ్లీ మొదలు. ఈ గుట్టు 1880ల తొలినాళ్లలో ఇంగ్లండులో థామస్, జర్మనీలో ల్యూకార్ట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వేర్వేరుగా తేల్చారు. అందుకు కారణం కూడా గొర్రెల చావే. 1879–80లో వానలు ఎక్కువై ఇంగ్లండులో ఈ రోగంతో దాదాపు 30 లక్షల గొర్రెలు చచ్చాయని లెక్క.

జలగల్లో మరో రకం పొట్ట జలగలు. కోసిన గొర్రె పెద్ద పొట్ట లోపలి గోడకు దానిమ్మ గింజల్లా అంటుకుని కనిపించేవి ఇవే. పెద్దవి పెద్దగా హాని చేయవు. పిల్ల జలగలు పేగులో ఉన్నప్పుడే కంపు కొట్టే పారుడుతో జీవాన్ని తీస్తాయి.

నత్తతో పని లేనివి గుండ్రటి నట్టలు. వాటిలో మొనగాడు నాలుగో పొట్టలో ఉండి నెత్తురు తాగే నట్ట. రెండు మూడు సెంటీమీటర్ల పొడవు. ఆడ నట్టను చూస్తే ఎర్ర దారం, తెల్ల దారం కలిపి పేనినట్టు ఉంటుంది. ఒక్కో నట్ట రోజుకు 0.05 మిల్లీలీటరు నెత్తురు పోగొడుతుందని అంచనా. వెయ్యి నట్టలుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు. ఇది ఉన్న గొర్రె తరచు పారుకోదు. పెంటికలు నల్లగా, గట్టిగా, చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటాయి. కాపరి మోసపోయేది ఇక్కడే. పెంటికలు బాగున్నాయి గనుక కడుపు బాగుందనుకుంటాడు. కంటి కింది రెప్ప తిప్పి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంటుంది. దక్షిణాఫ్రికాలో ఈ రెప్ప రంగును ఐదు మెట్లుగా అచ్చు వేసిన రంగుల అట్టతో పోల్చి, పాలిపోయిన వాటికే మందు వేసే పద్ధతిని తయారు చేశారు.

కంటికి కనపడే నట్ట ఇంకొకటుంది. పిల్లల పెంటికల్లో మెతుకుల్లా తెల్లగా కనిపించే బద్దె పురుగు ముక్కలు. కాపరులు ఎక్కువగా కంగారుపడేది దీన్ని చూసే. నిజానికి పైన చెప్పిన వాటితో పోలిస్తే ఇది మెతక శత్రువు. అసలు ముప్పు తెచ్చేవాటి గుడ్లు కంటికి ఆనవు.

పెంటికలు తెచ్చే తీరు

రొప్పంలో పొద్దున్నే ఊడ్చిన కుప్పలో నుంచి గుప్పెడు తీసి కాగితంలో చుట్టి తెస్తే లాభం లేదు. అది ఏ గొర్రెదో తెలియదు. నేల మీద పడిన పెంటికలోకి మట్టిలో ఉండే వేరే పురుగులు చేరతాయి. అవి గొర్రెకు సంబంధించినవి కావు. మైక్రోస్కోపు కింద మాత్రం గందరగోళం చేస్తాయి. ఎండకు ఎండిన పెంటికలో గుడ్లు ముడుచుకుపోతాయి. నీడలో, తేమలో ఉంచితే ఒక్క రోజులోనే పొదిగి పిల్ల పురుగులు బయటికి వస్తాయి. పిల్ల బయటికి వచ్చాక లెక్కించడానికి గుడ్డు ఉండదు.

సరైన పద్ధతి జీవం నుంచే నేరుగా తీయడం. చేతికి రబ్బరు తొడుగు గాని, శుభ్రమైన పాలిథీన్ సంచి గాని వేసుకుని, వేలికి కాస్త నూనె గాని సబ్బునీళ్లు గాని రాసి, ఆసనం లోపలి నుంచి పెంటికలు తీయాలి. ఐదు నుంచి పది గ్రాములు చాలు. అదే సంచిని లోపలిది బయటికి తిప్పి, గాలి లేకుండా నొక్కి ముడి వేస్తే పెంటికలు లోపల భద్రంగా ఉంటాయి. గాలి ఎంత తక్కువుంటే గుడ్డు పొదగడం అంత ఆలస్యమవుతుంది. ఇలా తీయడం చేతగాకపోతే, జీవాన్ని కనిపెట్టుకుని ఉండి, వేసిన వెంటనే పైపైన ఉన్న పెంటికలు ఏరుకోవచ్చు.

ప్రతి సంచికీ చీటీ కట్టాలి. జీవం గుర్తు, వయసు, ఏ రోజు తీసింది, ఎక్కడ మేస్తోంది, చివరిసారి ఏ మందు ఎప్పుడు తాగించారు. చివరి సంగతే చాలామంది చెప్పరు. పది రోజుల క్రితం మందు తాగించిన జీవం పెంటికలో గుడ్లు లేకపోతే అది రోగం లేకపోవడమా, మందు పని చేయడమా అన్నది చూసేవారికి తెలియాలి కదా.

మందలో ఒక్కదాని పెంటికలు తెస్తే మందంతటి సంగతి తెలియదు. నట్టలు అన్ని జీవాల్లోనూ సమంగా ఉండవు. కొద్ది జీవాల్లోనే ఎక్కువ నట్టలు గూడు కట్టుకుంటాయి. అందుకే జబ్బుగా ఉన్నవి కొన్ని, బాగున్నవి కొన్ని, పిల్లలు కొన్ని కలిపి కనీసం పది జీవాల నుంచి విడివిడిగా తీయాలి.

తీసిన రోజే ఆసుపత్రికి చేర్చడం మంచిది. దారి దూరమైతే సంచులను ఐసు ముక్కల మధ్య పెట్టి తేవాలి. నీళ్లు లోపలికి చొరబడకూడదు. గడ్డకట్టించనూ కూడదు. రెండు మూడు రోజులు పట్టేట్టుంటే పశువైద్యుని అడిగి, ఒక వంతు ఫార్మలిన్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపిన ద్రావణంలో ఉంచవచ్చు. దానితో గుడ్డు ఉన్నది ఉన్నట్టు నిలిచిపోతుంది. అయితే ఆ గుడ్డు ఇక పొదగదు గనుక పిల్ల పురుగును పెంచి ఏ జాతిదో చూసే పరీక్షకు పనికిరాదు. ఫార్మలిన్ ఘాటైనది. కళ్లకు, చేతులకు తగలనీయరాదు. పిల్లలకు అందనీయరాదు.

ఉప్పునీళ్లలో తేలేది, మామూలు నీళ్లలో మునిగేది

ప్రయోగశాలలో జరిగే పని చూస్తే ఇంత చిన్న ఉపాయమా అనిపిస్తుంది. లీటరు వేడి నీళ్లలో సుమారు 400 గ్రాముల ఉప్పు వేసి కలుపుతారు. అడుగున కొంత ఉప్పు కరగకుండా మిగిలితే నీళ్లు తాగగలిగినంత ఉప్పు తాగాయని అర్థం. చల్లారాక పైతేట తీసుకుంటారు. ఈ ఉప్పునీళ్లు గుండ్రటి నట్టల గుడ్ల కంటే బరువు. పెంటికలను ఇందులో మెదిపి, జల్లెడ పట్టి, చిన్న గొట్టంలో అంచు దాకా, పైన కాస్త ఉబ్బేట్టు పోసి, దాని మీద పలుచని గాజు బిళ్ల ఆనిస్తారు. పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో గుడ్లు పైకి తేలి ఆ బిళ్లకు అంటుకుంటాయి. బిళ్లను నిటారుగా లేపి గాజు పలక మీద పెట్టి చూస్తారు. గంటల తరబడి వదిలేస్తే చిక్కటి ఉప్పునీళ్లలో గుడ్లు నలిగి ఆకారం తప్పుతాయి.

వందరెట్లు పెద్దది చేసి చూపే కటకం కింద గుండ్రటి నట్ట గుడ్డు కోలగా, పలుచని పెంకుతో, లోపల ద్రాక్ష గుత్తిలాంటి కణాలతో కనిపిస్తుంది. అసలు పొడవు మిల్లీమీటరులో పన్నెండో వంతు. కొరడా పురుగు గుడ్డుకు రెండు కొసలా బిరడాలు పెట్టినట్టుంటుంది. బద్దె పురుగుది మూడు మూలలుగానో, నాలుగు పలకలుగానో ఉంటుంది. కొత్తవారు గాలి బుడగలను చూసి గుడ్లనుకుంటారు. అంచు నల్లగా, దట్టంగా, చక్కగా గుండ్రంగా ఉంటే అది బుడగే. గడ్డిపూల పుప్పొడి కూడా ఇలాగే మోసం చేస్తుంది.

ఇక జలగ గుడ్డు సంగతి. అది బరువైనది. ఉప్పునీళ్లలో తేలదు. ఒక్క తేలుడు పరీక్ష చేసి ‘నట్టలు లేవు’ అని రాసి పంపిస్తే కాలువ కింద మేసిన మందకు అన్యాయం జరిగినట్టే. జలగ గుడ్డుకు ఎదురు పద్ధతి. పెంటికలను మామూలు నీళ్లలో మెదిపి, జల్లెడ పట్టి, గ్లాసులో కదలకుండా ఉంచాలి. కొన్ని నిమిషాలకు గుడ్లు అడుగుకు చేరతాయి. పైనీళ్లు మెల్లగా వంచి, మళ్లీ కొత్త నీళ్లు పోయాలి. పైనీళ్లు తేటపడేదాకా ఇలా చేస్తే చివరికి అడుగున మిగిలిన చుక్కల్లో గుడ్లుంటాయి. అందులో నీలి రంగు మందు, అంటే మిథిలీన్ బ్లూ, ఒక చుక్క వేస్తారు. గడ్డి తునకలు, చెత్త నీలంగా మారతాయి. కార్జపు జలగ గుడ్డు మాత్రం బంగారు పసుపుగానే నిలబడుతుంది. పొట్ట జలగ గుడ్డు అంతే పెద్దదైనా రంగు లేక అద్దంలా ఉంటుంది. రెండూ గుండ్రటి నట్ట గుడ్డుకు దాదాపు రెట్టింపు. ఈ పరీక్షకు ఉప్పు కూడా అక్కర లేదు, ఓపిక కావాలి. కనుక ఎక్కడ మేశాయో చీటీలో రాయమనడం ఊరికే కాదు. ‘కాలువ కింద’ అన్న రెండు మాటలు చూస్తేనే ముంచుడు పరీక్ష కూడా చేయాలని పరీక్షించేవారికి తడుతుంది.

గుడ్లు ఉన్నాయని తెలిస్తే చాలదు, ఎన్ని ఉన్నాయో తెలియాలి. దీనికి గళ్లు గీసిన గాజు పలక ఒకటుంది. 1939లో ఆస్ట్రేలియాలో గార్డన్, విట్‌లాక్ అనే ఇద్దరు గొర్రెల కోసమే దీన్ని ప్రకటించారు. సిడ్నీలోని వారి ప్రయోగశాల పేరు మీద మెక్‌మాస్టర్ పలక అంటారు. రెండు గ్రాముల పెంటికలను 28 మిల్లీలీటర్ల ఉప్పునీళ్లలో కలిపి, వడకట్టి, పలకలోని రెండు గదులు నింపుతారు. ఒక్కో గదిలో గళ్ల కింద పట్టేది 0.15 మిల్లీలీటరు. రెండు గదుల్లో కనిపించిన గుడ్లను 50తో హెచ్చిస్తే ఒక గ్రాము పెంటికలో ఎన్ని గుడ్లున్నాయో తేలుతుంది. ఇరవై కనిపిస్తే గ్రాముకు వెయ్యి. కొద్ది వందల లోపు ఉంటే బాగా మేసే పెద్ద జీవానికి భయం లేదు. వేలల్లో ఉంటే ఆలస్యం చేయకూడదు.

‘లేవు’ అంటే లేనట్టేనా?

ఈ పరీక్షకూ ఒక గుడ్డి మూల ఉంది. గుడ్డు పెట్టేది పెద్ద నట్టే. నెత్తురు తాగే నట్ట కడుపులో చేరాక గుడ్డు పెట్టడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. కార్జపు జలగకు మూడు నెలలు. ఈలోగా పిల్ల జలగలు కార్జాన్ని తొలుచుకుంటూ పోతుంటాయి, గొర్రె చస్తుంది, పెంటికలో మాత్రం ఒక్క గుడ్డు కనిపించదు. పొట్ట జలగ పిల్లల పారుడులోనూ ఇంతే. అప్పుడు చచ్చిన జీవాన్ని పూడ్చేయకుండా పశువైద్యుని చేత కోయించి చూపించాలి. అక్కడ దొరికిన సాక్ష్యమే మిగతా మందను కాపాడుతుంది.

గొర్రెపిల్లలు నెత్తురు కలిసిన పారుడుతో ఉంటే లెక్క వేరు. ఆ పెంటికలో తరచు కనిపించేవి నట్ట గుడ్లు కావు, వాటికంటే చాలా చిన్నవైన కాక్సిడియా అనే సూక్ష్మజీవి తిత్తులు. రొప్పం తడిగా, ఇరుగ్గా ఉంటే పిల్లలకు సోకుతుంది. నట్టల మందు లీటర్లు తాగించినా ఇది పోదు. దీని మందులు వేరే.

నట్టల మందులకూ ఎవరి హద్దు వారిదే. ఫెన్‌బెండజోల్ గుండ్రటి నట్టలను కొడుతుంది, జలగ జోలికి పోదు. ఆక్సిక్లోజనైడ్ ఎదిగిన జలగలను కొడుతుంది, గుండ్రటి నట్టలను వదిలేస్తుంది. కార్జపు జలగ పిల్లలకు ట్రైక్లాబెండజోల్ అవసరం. ఆల్బెండజోల్ చాలావాటికి పనిచేస్తుందన్న పేరుంది గాని చూలు కట్టిన తొలి రోజుల్లో ఇస్తే పిండానికి చేటు. ఏది ఎంత అనేది జీవం తూకాన్ని బట్టి పశువైద్యుడు చెప్పాలి. కంటి అంచనాతో తక్కువ తాగిస్తే బలమైన నట్టలు బతికి, ఆ మందుకు లొంగని సంతానాన్ని కంటాయి. అదే మందు ఏళ్ల తరబడి వాడినా ఇదే జరుగుతుంది.

మందు పని చేసిందో లేదో కూడా పెంటికలే చెబుతాయి. మందు తాగించే రోజు లెక్క చూసిన జీవాలనే గుర్తు పెట్టుకుని, పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య మళ్లీ పెంటికలు తీసి చూపించాలి. గ్రాముకు 1,600 ఉన్న గుడ్లు 50కి దిగితే మందు పట్టినట్టు. 400 దగ్గర ఆగితే నాలుగింట మూడు వంతులు పోయాయని సంతోషించే లెక్క కాదది. నూటికి 95 పాళ్లు తగ్గకపోతే నట్టలు ఆ మందుకు లొంగడం లేదని అనుమానించి వేరే జాతి మందుకు మారుస్తారు. కాపరికి ఇక్కడో చిక్కుంది. రెండు వారాలు గడిచేసరికి మంద మరో ఊరి కయ్యల్లో ఉంటుంది. మొదటి ఆసుపత్రిలో ఇచ్చిన చీటీని పడేయకుండా మందు పేరు, తేదీ, గుడ్ల లెక్కతో సహా వెంట ఉంచుకుంటే, రెండో లెక్కను మంద దిగిన ఊరికి దగ్గరి ఆసుపత్రిలోనే చూపించుకోవచ్చు.